డాక్టరమ్మ స్టీరింగ్

ఫిబ్రవరి 3, సోమవారం

మధ్యాహ్నం నల్ల రంగు జర్మన్ కారు ఒకటి వచ్చి నా షట్టర్ ముందు ఆగింది. దారి అడగడానికేమో అనుకున్నాను. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద వీల్ అలైన్‌మెంట్ షాపు పెట్టి రెండేళ్లయింది. వచ్చేవన్నీ ట్రాలీ ఆటోలు, స్కూల్ వ్యాన్లు, క్యాబ్‌లు. ఇలాంటి కారు ఇదే మొదటిసారి.

నడుపుకుంటూ వచ్చినావిడకు అరవై దాటి ఉంటాయి. పేరు వాగ్దేవి. సర్జన్. ఇల్లు గౌలిపురాలో. వారానికి రెండు రోజులు షాద్‌నగర్ ఆస్పత్రిలో ఆపరేషన్లు చేస్తుంది. ఇదివరకు తనే కారు నడుపుకుంటూ వెళ్లేదట. మూడు నెలలుగా ట్యాక్సీలో వెళ్తోంది.

దసరా తర్వాత గుంతలో పడి కుడివైపు ముందు చక్రానికి దెబ్బ తగిలింది. పెద్ద సర్వీస్ సెంటర్‌లో బాగుచేయించింది. అప్పటి నుంచి మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి రావడం లేదు. ఎనభై దాటితే బండి కాసేపు ఇటు, కాసేపు అటు జారుతుంది. మూడుసార్లు తీసుకెళ్లి చూపించింది. మూడుసార్లూ ప్రింటవుట్ చేతిలో పెట్టారు. అందులో అంకెలన్నీ ఆకుపచ్చ. అంటే అంతా సరిగ్గా ఉన్నట్టు. మూడోసారి అక్కడి అడ్వైజర్ చాలా మర్యాదగా చెప్పాడట, కారులో ఏమీ లేదు మేడమ్, వయసు మీద పడుతుంటే చేతుల్లో పట్టు తగ్గుతుంది అని.

ఇదంతా నవ్వుతూనే చెప్పింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "కారు సంగతి తర్వాత. వాళ్ల మాట నేను నమ్మినమ్మా. ఇప్పుడు థియేటర్‌ల కత్తి పట్టుకుంటే నా చెయ్యి దిక్కే చూసుకుంటున్న. ముప్పై ఐదేండ్లల్ల ఎన్నడూ చూసుకోలే" అన్నది.

పోయిన నెల రెండు పెద్ద ఆపరేషన్లు వేరే సర్జన్‌కు ఇచ్చేసిందట. ఈ నెలాఖరుకు పూర్తిగా మానేద్దామనుకుంటోంది. తమ్ముడు శ్రీపాద కారుకు బేరం కుదిర్చాడు. కొనేవాళ్లు పద్నాలుగో తేదీన వస్తారు.

నా దగ్గరికి ఎందుకు వచ్చారని అడిగాను. ఆ ఆస్పత్రి అంబులెన్స్ స్టీరింగ్ నేనే చేశాను. ఆ పిల్ల మిషన్ చూసే ముందు బండి నడిపి చూస్తది అని డ్రైవర్ చెప్పాడట.

నడిపి చూశాను. పహాడీ షరీఫ్ దాకా వెళ్లి వచ్చాను. ఆమె చెప్పిందాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు.

డాడీ వద్దన్నాడు. ముప్పై ఏళ్లు ఆర్టీసీ డిపోలో బస్సుల స్టీరింగ్ పని చేసి రిటైరైన మనిషి. పొద్దంతా నా షాపులోనే కూర్చుంటాడు. "పెద్దోళ్ల బండ్లు మనకెందుకు బిడ్డా? వాళ్లతోని కానిది మనతోని అయితదా? రేపు ఏమన్నయితే లొల్లి మన మీదకొస్తది" అన్నాడు.

అలాంటి సర్వీస్ సెంటర్‌లోనే నేను నాలుగేళ్లు పనిచేశాను. మౌస్ పట్టుకుని ప్రింటవుట్లు తీయడమే నా పని. టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కసారి కూడా తాళం ఇవ్వలేదు. ఎన్ని ఆకుపచ్చ కాగితాలు కస్టమర్ల చేతుల్లో పెట్టానో నాకు తెలుసు.

కారు ఉంచుకున్నాను.

ఫిబ్రవరి 4, మంగళవారం

టైర్లలో గాలి ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ ఉంది. నాలుగింటిలోనూ తగ్గించాను. కుదుపు తగ్గింది. జారడం తగ్గలేదు.

నా మిషన్ మీద కూడా అన్నీ ఆకుపచ్చే వచ్చాయి. డాడీ స్క్రీన్ వైపు, నా వైపు చూశాడు. వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. ఏదో ఒక మాట అంటేనే బాగుండేది.

ఫిబ్రవరి 5, బుధవారం

ఏమీ దొరకలేదు.

ఫిబ్రవరి 6, గురువారం

దొరికింది.

పొద్దున స్టీరింగ్ నుంచి రెండు ముందు చక్రాలకు వెళ్లే రాడ్లు విప్పేశాను. అవి విప్పితే ఏ చక్రాన్ని ఆ చక్రంగా చేత్తో తిప్పి చూడొచ్చు. ఎడమది వేలితో నెడితే తిరిగింది. కుడిది ఒకచోట పట్టేసింది. మళ్లీ తిప్పాను. అక్కడే పట్టేసింది.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. గంటలో ఆటోలో వచ్చింది. నేనేమీ చెప్పలేదు. రెండు చక్రాలూ తిప్పి చూడండి మేడమ్ అన్నాను, అంతే. చీర కొంగు నడుముకు దోపి, గ్రీజు అంటుతుందని చూడకుండా రెండు చేతులతో చక్రం పట్టుకుంది. ఎడమది తిప్పింది. కుడిది తిప్పుతూ కళ్లు మూసుకుంది. మెల్లగా, చాలా మెల్లగా తిప్పింది.

"రెండుచోట్ల పట్టుకుంటున్నది. ఇక్కడ ఒకటి. ఇంకొంచెం ముందుకు పోతే ఇంకోటి, చిన్నది" అన్నది.

నాకు ఒక్కటే తెలిసింది. రెండోది తెలియలేదు. మళ్లీ తిప్పి చూశాను. అప్పుడు కూడా తెలియలేదు.

ఆమె కళ్ల ముందే కుడివైపు విప్పాను. షాక్ అబ్జార్బర్ పైన ఒక బేరింగ్ ఉంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా చక్రం దాని మీదే తిరుగుతుంది. సర్వీస్ సెంటర్‌లో దాన్ని పక్కకు ఒరిగి ఉండగానే బిగించేశారు. మూడు నెలలు అలాగే నలిగింది. తుడిచి వెలుతురులో పెట్టి చూస్తే లోపల నొక్కుకుపోయిన గుర్తులు. ఒకటి పెద్దది. ఇంకోటి చిన్నది. రెండు.

డాడీ కుర్చీలోంచి లేచి వచ్చి చూశాడు. బేరింగ్ వైపు కాదు, డాక్టరమ్మ చేతుల వైపు. "నమస్తే డాక్టరమ్మా. డిపోల ముప్పై ఏండ్లు చేసిన. గిట్లాంటి చెయ్యి నేను చూడలే" అన్నాడు.

ఆమె బేరింగ్‌ను అరచేతిలో అటూ ఇటూ తిప్పుతూ నిలబడింది. డాడీ నీళ్ల సీసా ఇస్తే తాగింది. వెళ్తూ ఆ బేరింగ్ నేను తీసుకుపోవచ్చా అని అడిగింది.

ఫిబ్రవరి 8, శనివారం

కొత్త బేరింగ్ వచ్చింది. బిగిస్తుంటే శ్రీపాద గారు వచ్చారు. చక్రం ఊడదీసి ఉండడం చూసి ఆయన ముఖం మాడిపోయింది. చూడమ్మా, శుక్రవారం బండి అప్పజెప్పాలి, ఇప్పుడు దీన్ని విప్పమని నీకెవరు చెప్పారు అని నిలదీశారు. మీ అక్క చెప్పింది అన్నాను. అక్కకు చేతులు బాగాలేవమ్మా, ఆ మాట ఒప్పుకోలేక కారుకు వంక పెడుతోంది, ఏదో ఒకరోజు రోడ్డు మీద ఏమైనా అయితే ఎవరు జవాబు చెప్తారు అని గొంతు తగ్గించి అన్నారు.

ఆయన చెడ్డవాడు కాదు. భయపడుతున్నాడు.

సాయంత్రం డాక్టరమ్మ నడిపింది. నేను పక్క సీట్లో కూర్చున్నాను. మలుపుల్లో స్టీరింగ్ చక్కగా వెనక్కి వచ్చింది. రోడ్డు ఖాళీ దొరికాక ఎనభైకి వెళ్లింది. బాగుంది ప్రీతీ, మస్తు ఫరక్ ఉన్నది అన్నది. షాపు దగ్గర దిగి రెండు అరచేతులూ చీరకు తుడుచుకుంది. స్టీరింగ్ పట్టుకుని చూశాను. తడిగా ఉంది.

నా మనసు కష్టపెట్టకూడదని అలా అన్నది. బండి ఇంకా జారుతోంది. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంకా కాలేదు మేడమ్ అన్నాను. తల ఊపింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చిలో పాస్టర్ గారు ఏం చెప్పారో ఒక్క మాట చెవికెక్కలేదు. ఎదురుగా ఉన్న బెంచీలకు కూడా మనసులో అలైన్‌మెంట్ చేస్తూ కూర్చున్నాను.

అన్నం తింటుంటే డాడీ అడిగాడు, గుంతలో పడ్డాక ఆ సర్వీస్ సెంటర్‌లో చక్రాలను పట్టి ఉంచే కింది ఆర్మ్‌లు మార్చినప్పుడు బోల్టులు బండి గాల్లో ఉండగా బిగించారా, కిందికి దించాక బిగించారా అని. లిఫ్ట్ మీద గాల్లో ఉండగానే బిగించి ఉంటారు, పని తొందరగా అవుతుంది కదా అన్నాను. డాడీ ముద్ద కంచంలో పెట్టేశాడు. భుజం మీది తువ్వాలు తీసి ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తను మెలిపెట్టాడు.

"అండ్ల రబ్బర్ బుష్ ఉంటది గదా. చక్రం వేలాడంగ బిగిస్తే, బండి కిందికి దిగంగనే గిట్ల మెలి పడ్తది. ఇగ పొద్దంత గుంజుతనే ఉంటది. డ్రైవర్ ఇటు తిప్పితే అది అటు గుంజుతది. బండి కాళ్ల మీద నిలబడ్డంకనే బిగియ్యాలె. బస్సయినా గంతే, కారయినా గంతే."

మిషన్ దాన్ని ఎందుకు పట్టుకోలేదో ఇప్పుడు అర్థమైంది. మిషన్ నిలబడ్డ బండిని కొలుస్తుంది. ఈ గుంజుడు నడిచేటప్పుడే తెలుస్తుంది.

వద్దన్న మనిషి, రేపు పొద్దున నేను కూడా బండి కింది పిట్‌లోకి దిగుతా అన్నాడు. మోకాళ్లు బాగాలేవు కదా అంటే వినిపించుకోలేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

కారును పిట్ మీద నాలుగు చక్రాలపై నిలబెట్టాం. డాడీ కిందికి దిగి మొదటి బోల్టు వదులు చేయగానే టక్‌మని శబ్దం వచ్చింది. రెండోదానికి ఇంకా గట్టిగా వచ్చింది. నాలుగూ వదులు చేశాక ముందు బంపర్ మీద కూర్చుని బండిని ఊపాను. కారు మెల్లగా సర్దుకుంది. అప్పుడు బిగించాం. డాడీ పిట్‌లోంచి నా వైపు చూసి నవ్వాడు. నల్లగా మసిబారిన ముఖంలో పళ్లు మాత్రం కనిపించాయి.

టెస్ట్ డ్రైవ్. జారడం పోయింది. పూర్తిగా పోయింది.

ఇక్కడితో ఆపేయొచ్చు. ఆపలేకపోయాను. బండి తిన్నగా పోతోంది, కానీ స్టీరింగ్ చేతితో ఏమీ చెప్పడం లేదు. మంచి కారుకు రోడ్డు మీది చిన్న గీత కూడా వేళ్లకు తెలియాలి. దీనికి తెలియడం లేదు.

మళ్లీ మిషన్ ఎక్కించాను. ఈసారి రంగు చూడలేదు. అంకెలు చూశాను. సైకిల్ ముందు ఫోర్కు కొంచెం వాలి ఉంటుంది, అందుకే సైకిల్ తిన్నగా పోతుంది. కారు చక్రాలకూ అలాంటి వాలు ఉంటుంది. రెండు వైపులా ఆకుపచ్చే, కానీ కుడివైపు వాలు ఎడమవైపు కంటే తక్కువ. గుంతలో పడ్డప్పుడు ఇంజన్ కింది ఫ్రేమ్ కుడిపక్క కొంచెం వెనక్కి జరిగింది. దాన్ని ఎవరూ ముందుకు తీసుకురాలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం, సాయంత్రం ఐదు

ఫ్రేమ్ బోల్టులు వదులు చేయడం, గడ్డపారతో వెంట్రుకంత జరపడం, బిగించడం, కొలవడం. తొమ్మిదిసార్లు. ఎనిమిదోసారికి డాడీ చాలు బిడ్డా అన్నాడు. తొమ్మిదోసారి చేశాక రెండు వైపులా ఒకే అంకె వచ్చింది.

కేశవగిరి మలుపులో మొదటిసారి తెలిసింది. స్టీరింగ్ నా చేతిలో బరువెక్కింది. ఎంత తిప్పితే అంత తిరిగింది. వదిలితే తనంతట తాను మధ్యకు వచ్చి ఆగింది. రోడ్డు మీద తెల్ల గీత దాటినప్పుడు వేళ్ల కింద సన్నగా తగిలింది. ఆ గీతను నాలుగుసార్లు దాటాను. వెనక వచ్చే ఆటోవాడు నన్ను తిట్టుకుని ఉంటాడు. నాకు ఏడుపొచ్చింది. పాట కూడా పాడాను.

ఫిబ్రవరి 12, బుధవారం

డాక్టరమ్మ డ్రైవింగ్. నేను పక్కన. వెనక సీట్లో శ్రీపాద గారు, తలుపు పైన హ్యాండిల్ గట్టిగా పట్టుకుని.

తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు, ఓఆర్ఆర్ ఎక్కాం. అరవై. ఎనభై. ఆమె భుజాలు బిగుసుకుని ఉన్నాయి. జారుడు వస్తుందని ఎదురుచూస్తోంది. రాలేదు. తొంభై. వంద. ఒక లారీని దాటింది. లారీ గాలి తగిలినా కారు తన గీత తప్పలేదు. ఆమె భుజాలు కిందికి దిగాయి. తర్వాత పిడికిళ్లు వదులయ్యాయి. రావిర్యాల దాటాక చూస్తే స్టీరింగ్ మీద వేళ్లే ఉన్నాయి. మనిషి నాడి చూసేటప్పుడు పట్టుకున్నట్టు.

అద్దంలో శ్రీపాద గారిని చూశాను. హ్యాండిల్ వదిలేశారు.

"కారు కొన్నప్పుడు కూడా గిట్ల లేకుండె" అన్నది ఆమె. బొంగ్లూరు దాకా నవ్వుతూనే ఉంది.

టోల్ దగ్గర ఆగాక శ్రీపాద గారు కిందికి దిగి ఫోన్ చేశారు. బండి అమ్మడం లేదు, ఏమీ అనుకోవద్దు అని చెప్పడం వినిపించింది. తిరిగి వచ్చి అక్క పక్కన కిటికీ దగ్గర నిలబడ్డారు. "తప్పయింది అక్కా. వాడెవడో చెప్తే నేను గూడ నమ్మిన. నిన్ను అడగలే" అన్నారు. ఆమె ఆయన చెంప మీద మెల్లగా తట్టింది. "నేను గూడ నమ్మిన గదరా. కూర్చో, పోదాం" అన్నది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

డాక్టరమ్మ ఆ పాత బేరింగ్‌ను సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లిందట. అడ్వైజర్ టేబుల్ మీద పెట్టి, తిప్పి చూడు బాబూ, ఎన్నిచోట్ల పట్టుకుంటోందో చెప్పు అని అడిగిందట. ఒకచోట అన్నాడట. రెండు, అని చెప్పి వచ్చేసిందట.

ఫోన్‌లో ఈ సంగతి చెబుతూ ఆమె, వింటూ నేను, స్పీకర్ దగ్గర చెవి పెట్టి డాడీ, ముగ్గురం ఒకటే నవ్వడం.

ఫిబ్రవరి 20, గురువారం

షాద్‌నగర్ నుంచి డాక్టరమ్మ ఫోన్. వేరే సర్జన్‌కు ఇచ్చేసిన వాటిలో ఒక ఆపరేషన్ ఇంకా జరగలేదట. అడిగి వెనక్కి తీసుకుంది. పేషెంట్ పేరు ఆగమ్మ, కూలి పనులు చేసుకునే మనిషి. నాలుగున్నర గంటలు పట్టింది. ఆగమ్మ కళ్లు తెరిచి, ఆకలైతున్నది అన్నదట.

చెయ్యి వైపు చూసుకున్నారా అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించింది. యాదికి రాలే అన్నది.

మార్చి 4, మంగళవారం

ఈ వారం ఇది మూడో పెద్ద కారు. డాడీ పిట్‌లోంచి బయటికి రావడం లేదు. కస్టమర్లకు తువ్వాలు మెలిపెట్టి చూపిస్తున్నాడు.

మార్చి 16, ఆదివారం, పొద్దున ఆరున్నర

ఓఆర్ఆర్ ఖాళీగా ఉంది. డాక్టరమ్మ తాళం నా చేతిలో పెట్టి పక్క సీట్లో కూర్చుంది. రావిర్యాల రాకముందే నిద్రపోయింది. లేపబుద్ధి కాలేదు. పెద్ద అంబర్‌పేట దాకా వెళ్లాను.