విజిటింగ్ ఛార్జి నూట యాభై

ఫిబ్రవరి 1, ఆదివారం. ఉదయం 6:10
ఇయ్యాల్టి నుంచి ఊరికే పని చెయ్యను! ఎలక్ట్రికల్ షాపు హబీబ్ భాయ్ ఊరికే ఇచ్చిన డైరీలో ఇదే మొదటి మాట.

నేను ఆంజనేయులు, ఐటీఐ ఎలక్ట్రీషియన్. పదకొండేళ్ల అనుభవం. రొంపిచెర్ల చుట్టుపక్కల నేను విప్పని మోటారు లేదు. నెలకి చేతికొచ్చేది పన్నెండు వేలు. బావమరిది మహేష్ హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లకి వైరింగు చేస్తాడు. ఇరవై నాలుగు వేలు, రూము ఫ్రీ! వాడికి స్క్రూడ్రైవర్ పట్టుకోవటం నేర్పిందే నేను.

మా ఆవిడ దేవిక షరతు: "శివరాత్రి లోపు పది మంది దగ్గర విజిటింగ్ ఛార్జి తెచ్చి చూపించు. లేదా పదిహేడో తారీకు మనమూ హైదరాబాద్ బస్సెక్కుదాం."

నాకు ఊరు వదలాలని లేదు. అసలు లేదు. అందుకే రూల్స్:
1. గడప తొక్కితే నూట యాభై.
2. టీ తాగకూడదు. తాగితే అడగటానికి నోరు రాదు.
3. ఎవరు ఏ వరస పెట్టి పిలిచినా కరగకూడదు.

ఫిబ్రవరి 2. ఉదయం 8:00
బోణీ! ఊళ్లోకి కొత్తగా వచ్చిన వందన టీచర్ ఇంట్లో ట్యూబులైటు. "ఎలక్ట్రీషియన్ గారూ, ఎంత?" అన్నది. చెప్పా. ఫోన్లో టింగుమని పడ్డాయి. ఎంత మర్యాద! ఎంత చదువు!

దేవిక క్యాలెండరు మీద ఒక గీత గీసింది. పదేంది, ఇరవై గీయిస్తా!

ఫిబ్రవరి 4. మధ్యాహ్నం 1:30
పుల్లారావు బాబాయి మిరప తోటలో మోటారు. స్టార్టర్లో బల్లి ఇరుక్కుంది. తీశా.
"బాబాయ్, విజిటింగ్ ఛార్జి..."
"ఏందిరా అది?"
"వచ్చినందుకు."
"ఒరేయ్, మన పొలానికి నువ్వొస్తే నేను డబ్బులియ్యాలా? నిన్ను భుజానేసుకుని తిప్పినోణ్ణిరా నేను!"
కండువాతో కళ్లొత్తుకున్నాడు. నాకూ కళ్లు చెమర్చాయి. రెండు కిలోల మిరపకాయలు మూట కట్టిచ్చాడు.
దేవిక మూట చూసి గీత గియ్యలేదు. మిరపకాయ బొమ్మ గీసింది.

ఫిబ్రవరి 7. సాయంత్రం 5:00
హజ్రా బీ అత్త మిక్సీ. "అల్లుడూ, ముందు టీ తాగు" అన్నది. తాగా. సేమ్యా పెట్టింది. తిన్నా. ఇంక నూట యాభై ఏమడుగుతా?
రూల్ 2 సవరణ: టీ తాగొచ్చు. సేమ్యా వద్దు.
రూల్ 3 సవరణ: అరవై దాటినోళ్లు లెక్కలోకి రారు.

ఫిబ్రవరి 9
రోడ్డు మీద కొత్త టిఫిన్ హోటల్. ఓనరు ఒంగోలాయన. నూట యాభై ఇచ్చాడు! రెండో గీత.

ఫిబ్రవరి 11. ఉదయం 8:15
వందన టీచర్ మళ్లీ పిలిచింది. గీజరు. మూడో గీత ఖాయం అనుకుంటూ వెళ్లా. తలుపు తీసి, "రా అన్నా, టీ తాగుతావా?" అన్నది.
అయిపోయింది. ఈమెకి కూడా ఊరి నీళ్లు వంటబట్టాయి.

ఫిబ్రవరి 12. ఉదయం 10:00
శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లకి కట్టే మా ఊరి ప్రభ, తాటిచెట్టంత వెదురు గోపురం. ఏటా లైటింగు నాదే, ఏటా ఊరికే. ఈసారి కమిటీ ముందు గట్టిగా అన్నా: "ఎనిమిది వేలు!"
పుల్లారావు బాబాయి నింపాదిగా, "సరేలే. పక్కూరి ప్రభకి వేసినాయన్ని పిలుద్దాం. ఎనిమిది వేలూ ఆయనకే ఇద్దాం" అన్నాడు.
"బయటోడికి ఇస్తారా!"
"బయటోడికి ఇయ్యాలి గదరా. నువ్వు బయటోడివా?"
బయటోడు మన ప్రభ మీద చెయ్యెయ్యటమా? నా ఒళ్లు మండిపోయింది. నిచ్చెన నేనే ఎక్కా.
లైట్ల టేపులు కూడా నా డబ్బులతోనే తెచ్చా. ఈ సంగతి దేవికకి చెప్పలేదు.

ఫిబ్రవరి 14. సాయంత్రం 6:40
స్విచ్చి వేశా! కింద నుంచి పైదాకా ఒక్కసారిగా వెలిగింది. ఊరు ఊరంతా అరిచింది. ఒకడు "అన్నా!" ఒకడు "మావా!" ఒకామె "మా నాయనే!" దేవిక జనంలో నిలబడి చూస్తా ఉంది.
మమ్మల్ని తీసుకెళ్లటానికొచ్చిన మహేష్ తలెత్తి చూసి చూసి అన్నాడు: "బావా, నేను అక్కడ రెండొందల ఫ్లాట్లకి వైరింగు చేశా. ఒక్కరు కూడా స్విచ్చి వేసి ఇట్టా అరవలేదు. నా పేరు కూడా వాళ్లకి తెలియదు."


ఫిబ్రవరి 16. ఉదయం 9:00
క్యాలెండరు మీద రెండు గీతలు. ఒక మిరపకాయ, ఒక సేమ్యా గిన్నె, రెండు టీ గ్లాసులు, ఒక ప్రభ. ఓడిపోయా.
దేవిక బ్యాగు సర్దింది. ఇంక హైదరాబాదే అనుకున్నా. తీరా చూస్తే అందులో మిరపకాయలు, పచ్చడి. బ్యాగు తమ్ముడి చేతికిచ్చింది.
"నువ్వెళ్లు మహేషూ. ఈయన్ని అక్కడ అన్నా, అల్లుడూ అని పిలిచేవాళ్లు లేకపోతే నెలకే చిక్కి సగమవుతాడు."
చానా సంతోషం వేసింది! ఆ వెంటనే చెయ్యి చాపింది: "ఫోనిటియ్యి. ఇంక బేరాలు నేను మాట్లాడతా. రెండొందలు. ముందే."

ఫిబ్రవరి 17. ఉదయం 7:05
మొదటి ఫోను. నంబరు చూడకుండానే ఎత్తింది దేవిక. "విజిటింగ్ ఛార్జి రెండొందలండీ. ముందే పంపాలి. ఎవరైనా సరే!"
అబ్బ, ఏం గొంతు! నాకు పదకొండేళ్లలో రాని గొంతు.
అంతలోనే గొంతు తగ్గించి, "...నువ్వా అమ్మా?" అన్నది.
గురజాల నుంచి మా అత్త రాఘవమ్మ. ఫ్యాను తిరగటం లేదంట.
దేవిక నా వైపు చూడకుండా సంచి అందించింది. "వెళ్లిరా. మా అమ్మే గదా."
నేనేమో క్యాలెండరు దగ్గరికి వెళ్లి, తీరిగ్గా, మూడు రెక్కల ఫ్యాను బొమ్మ గీశా.

బస్సులో రాస్తున్నా, 8:20. రేపట్నుంచి ఊరికే పని చెయ్యను! గడప తొక్కితే రెండొందలు. ఎవరైనా సరే.
మా అత్త తప్ప.