జీపు సీటు బెల్టు

సుజాతా,

రేపు నీ సంవత్సరీకం. పొలంలో నీ సమాధి దాకా వస్తానని మీ అమ్మ పట్టుబట్టింది. ఆమె నడవలేదు, ఇస్మాయిల్‌ఖాన్‌పేట నల్లరేగడి బురదలో మన కారు కదలదు. అందుకని ఫోర్ వీల్ డ్రైవ్ పాత జీపు ఒకటి చూడటానికి ఇస్నాపూర్ వెళ్లాను.

"ఒట్టు సార్, మా అవ్వను దవాఖానకు తీస్కపోవుడు తప్ప రోడ్డు దిగలే," అన్నాడు బ్రోకర్ నర్సింలు.

అంతగా మెరుస్తున్న పాతబండిని నేను నమ్మలేదు. నువ్వు వంకాయ ముచ్చిక ఎత్తి చూసినట్టు, సీటు బెల్టును చివరిదాకా లాగాను. లోపల చుట్టుకుని ఉన్న భాగమంతా ఎండిన బురదే. ఎక్కడో వరదలో మునిగిన బండి అది.

"ఇదేంది నర్సింలూ?"

"వాన పడ్డది సార్."

"బండి లోపలనా?"

"మీరు మస్తు అనుమానం మనిషి సార్!"

ఆ మాట నేను నిన్ను అనేవాణ్ని.

జీపు వద్దని, పక్క పొలం మల్లేశం ట్రాక్టర్ మాట్లాడాను. ట్రాలీలో కుర్చీ వేసి తాడుతో కడతాడు.

"ఆ మల్లేశం తాగుతడా బిడ్డా?" అని అడిగింది మీ అమ్మ.

"చుక్క ముట్టడు అత్తమ్మా, ఒట్టు," అన్నాను.

నమ్మలేదు. నీకు తల్లి కదా.