మిడతకు గంట చీకటి

ఏమండీ,

మీరు పోయి ఈ రోజుకు ఏడాది. వెలుగు సోకితే మిడత కంట్లో కరెంటు పుడుతుందని తీగలు తగిలించి చూసేవారు. మీ గాల్వనామీటరు ముల్లు కదిలేదే కాదు.

మీరు పోయాక నన్ను పది రోజులు చీకటి గదిలో మూల కూర్చోబెట్టారు. బయటికొస్తే చిన్న దీపమే కళ్లను పొడిచింది. మీరెప్పుడూ ఎండలోంచి తెచ్చిన మిడతనే పరీక్షించారని అప్పుడు తట్టింది. ఆ మాట నోరు తెరిచి చెప్పడానికి ఏడాది పట్టింది.

ఇవాళ పొద్దున మీ తమ్ముడి చేత మిడతను గంటసేపు చీకట్లో ఉంచించాను. దీపం చూపగానే ముల్లు కదిలింది. "వదినా, అన్న సెప్పింది నిజమే!" అంటూ మీ కాలేజీలో చెప్పడానికి తిరుపతి బయల్దేరాడు.

"వాడు బయల్దేరతా ఉండాడు, ఎదురు రావద్దు. లోపలికి పోమ్మా," అంది అత్తయ్య.

వెళ్లి తలుపు వేసుకున్నాను. మిడతకైతే గంట చాలింది.