ఎముకలో కూర్చున్న పళ్ళు

దిల్‌సుఖ్‌నగర్

అమ్మా, నేను క్షేమం. హాస్టల్లో ఫోన్లు తీసుకున్నారు, అందుకే కార్డు.

నిన్న మా కోచింగ్ విజయదుర్గ మేడమ్ డెంటల్ సీటుకు చదివే మమ్మల్ని కొత్తపేటలో వాళ్ళాయన పళ్ళ దవాఖానకు తీసుకెళ్ళారు. అక్కడ మన అక్క కూతురు మనస్వి ఈడు పాప ఎక్స్‌రే చూశాను. పైకి ముందు పళ్ళు ఊడిన బోసినోరే. లోపల ఎముకలో మాత్రం పెద్ద పళ్ళన్నీ వరుసగా కూర్చుని ఉన్నాయమ్మా! ఇంత చిన్న దవడలో అన్ని! డిగ్రీలో జువాలజీ చదివినా ఇలా చూడలేదు. "ఇవి ఎప్పుడో తయారైపోయాయి, వాటి టైముకి అవే వస్తాయి" అన్నారు మేడమ్.

నువ్వు పేడలో పెట్టి విసిరిన మనస్వి పన్ను స్లాబ్ మీద నిలవక మోరీలో పడిందని, అందుకే కొత్తది మొలవట్లేదని దిగులుపడకు.

నాయిన మోకాలి నొప్పి తగ్గిందా? పల్లి పొడి పంపు.

"డిగ్రీ అయినంక మల్ల గీ చదువేంది, సీటెప్పుడొస్తది బిడ్డా?" అని అడుగుతుంటావు కదా. మనస్విని నోరు తెరవమని, ఆ ఖాళీ చోట చిగుళ్ళ మీద వేలు పెట్టి చూడు. గట్టిగా తగులుతుంది.

నాయినకు దండాలు, మనస్వికి ముద్దులు.

నీ బిడ్డ
సౌజన్య