గడ్డి దూడ

3-2-1954, బుధవారం

డ్రాయింగ్ మాస్టారు వేంకటరమణమూర్తి గారు నాకు బొమ్మలు గీయడం నేర్పడానికి ఒప్పుకున్నారు. రిటైరై ఎదురింట్లో ఖాళీగానే ఉన్నారు. నాకు కావలసింది మా అమ్మాయి రాజ్యం ముఖం ఒక్కటేనని చెప్పాను. పిల్ల టైఫాయిడ్‌తో పోయి ఆరు నెలలు. తొమ్మిదేళ్ళలో ఒక్క ఫొటో తీయించలేదు. అనకాపల్లి స్టూడియోకి వెళ్ళాలని ప్రతి వేసవిలోనూ ఈ డైరీలోనే రాసుకున్నాను. వెళ్ళలేదు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే నుదురు వస్తోంది, గడ్డం రావటం లేదు.

మాస్టారు ముందు జంతువులు అన్నారు. మనిషి ముఖంలో వెంట్రుకవాసి తప్పినా వేరే మనిషైపోతుందిట. పిల్లీ, ఆవూ ఏమీ అనుకోవుట.

15-2-1954, సోమవారం

పిల్లిని తొమ్మిదిసార్లు గీశాను. ఎనిమిదింటిలో కుండకి చెవులు పెట్టినట్టుంది.

మాస్టారి పద్ధతి: ముందు కోడిగుడ్డు ఆకారాలు. తర్వాత చెయ్యి చాపి పెన్సిల్‌తో కొలత. ఆఖర్న వెంట్రుకలు. అవి ఎటు పడుకుంటే గీత అటే పోవాలి. కంట్లో మెరుపు మాత్రం గీయకూడదు, అక్కడ కాగితం తెలుపు వదిలెయ్యాలి.

మా వారు చూసి, ఈ వయసులో ఇదేమిటన్నారు. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ మెత్తని పెన్సిళ్ళు రెండు తెచ్చి బల్లమీద పెట్టారు.

27-2-1954, శనివారం

బొమ్మలు ఒకదానికొకటి రాసుకుని చెరిగిపోతున్నాయి. రాజ్యం ఆకుపచ్చ పరికిణీలో చుట్టి పెడుతున్నాను. మిగతా బట్టలన్నీ ఇచ్చేశాం. ఇదొక్కటే, జ్వరం రాకముందు విప్పి గూట్లో కుక్కింది, అలాగే ఉండిపోయింది. మెత్తని గుడ్డ.

11-3-1954, గురువారం

మా ఆవు దూడ చచ్చిపోయింది. పదకొండు రోజులది. దాన్ని గీయడం సగంలో ఉంది.

18-3-1954, గురువారం

పాలు పితికే దేముడమ్మ దూడ తోలులో గడ్డి కూరించి తెచ్చింది. అది ఎదురుగా లేకపోతే ఆవు చేపదు, పాలు బిగబట్టేస్తుంది. కాళ్ళు లేవు. కళ్ళ దగ్గర కుట్లు. అయినా ఆవు వాసన చూసి, నాకి, పాలు చేపింది.

నాకూ వీలే, కదలదు. పొద్దుట రెండు గంటలు కూర్చుని గీశాను. కాళ్ళూ కళ్ళూ నేను పెట్టాను. ఇంతవరకూ గీసినవాటిలో ఇదే మేలు. దేముడమ్మ చూసి, ఏటమ్మగారూ, సచ్చినదానికి కాళ్ళెట్టి నిలబెట్టేసేరు, ఆవుకి సూపించండి, మరో శేరు ఇస్తాది అని నవ్వింది. నిజంగానే చూపించాను. కాగితం వాసన చూసి మొహం తిప్పుకుంది.

మాస్టారు చాలాసేపు చూశారు. వచ్చే నెలలో ముఖం మొదలుపెట్టొచ్చు అన్నారు.

22-3-1954, సోమవారం

చాకలి సన్యాసమ్మకి వేసినవి: చీరలు 5, పంచెలు 4, దుప్పట్లు 2, తువ్వాళ్ళు 3, పరికిణీ 1 (పెన్సిల్ మసి).

29-3-1954, సోమవారం

అన్నీ సరిపోయాయి. మసి పూర్తిగా వదిలింది. సన్యాసమ్మ చేతిపని మెచ్చుకోవాలి.

2-4-1954, శుక్రవారం

గడ్డి దూడ కంపు కొడుతోందని నిన్న కర్రకి గుడ్డ చుట్టి, ఫినాయిల్ నీళ్ళతో శుభ్రంగా తుడిచాను. ఇవాళ ఆవు చేపలేదు. వాసన చూసింది, వెనక్కి జరిగింది, అరిచింది. దేముడమ్మ చెంబు బోర్లించి నా మీద కేకలేసింది. కడిగేసేరేటమ్మా! మీకేటి మతి పోయిందా! దానికి సూపెందుకు, వోసన కావాల గానీ! గోనెముక్కకి దూడ వోసనున్నా సాలును, అదే బిడ్డనుకుంటాది!

లోపలికి వెళ్ళి బొమ్మలన్నీ కింద పోసేసి, పరికిణీ మొహానికి పెట్టుకున్నాను.

చాకలి చవుడు వాసన. గంజి. ఎండ.

రెండోవైపు తిప్పాను. నడుము దగ్గర చూశాను, బొందు దూర్చే మడతలో చూశాను. సన్యాసమ్మ ఏదీ వదల్లేదు. మసి అని రాసి ఇచ్చింది నేను. ఆరు నెలలు గూట్లో ఉంటే ఒక్కనాడూ ఇలా పెట్టుకుని చూడలేదు.

ఆవు ఇంకా అరుస్తోంది.

5-4-1954, సోమవారం

ముఖం మొదలుపెట్టాను. కోడిగుడ్డు ఆకారం గీశాను. లోపల ఏమీ గీయలేదు. మాస్టారు అడిగితే, అంతా మెరుపేనండీ, తెలుపు వదిలేశాను అన్నాను.