బెల్లంకోట జనం ఒకరికి, నీళ్లు ఒకరికి

బోధన్ పట్టణ నివాసి, కీర్తిశేషులు ముత్తన్న గారి కుమారుడు, రిటైర్డ్ డ్రాయింగ్ టీచరు, అరవై మూడేళ్ల లక్ష్మీరాజం అను నేను పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేతిరాతతో రాసుకుంటున్న వీలునామా ఇది. నా తెలివి గురించి ఇంట్లో రెండు అభిప్రాయాలున్నాయి. లేని ఊళ్లలో ఎంతమంది ఉంటారని ఏళ్ల తరబడి లెక్కలు కట్టే మనిషికి మతి ఉందని నా భార్య ధనలక్ష్మి ఏ కోర్టులోనూ సాక్ష్యం చెప్పదు. అయితే మొన్న గుండెకు స్టెంటు వేసిన డాక్టరు నా పేరూ తారీఖూ అడిగితే రెండూ సరిగ్గానే చెప్పాను. చట్టానికి ఆ మాత్రం చాలనుకుంటాను.

1. నా స్వార్జితమైన ఇల్లు, బ్యాంకులో ఉన్న డబ్బు, నా తదనంతరం సర్వహక్కులతో ధనలక్ష్మికి చెందాలి. డైనింగ్ టేబులు కూడా ఆమెదే. దాని మీద నా రాజ్యం పటం పరిచి ఉన్నందున ఆమె ఇన్నాళ్లూ చాప మీద కూర్చునే అన్నం తిన్నది. తిట్టింది గానీ పటం మీద ఒక్క చారు చుక్క పడనీయలేదు. పటం తీసి, టేబులు తుడిచి ఇవ్వాలి. పటంలో నది ఒడ్డున ధనవాడ అనే ఊరుంది. ఆమె పేరునే పెట్టాను, ఇంతవరకు ఆమెకు చెప్పలేదు. ఆ ఊళ్లో నాలాంటి వాడు ఒక్కడూ లేడు.

2. రాజ్యం అంటే ఏమిటో చట్టం కోసం చెప్పాలి. నలుగురు కూర్చుని పాచికలు వేస్తూ, ఒకరు రాజు, ఒకరు దొంగ, ఒకరు ఊరి పెద్ద అయి, ఆ పాత్రల మాటలే మాట్లాడుతూ కథ నడిపే ఆట ఒకటుంది. నా కూతురు అంకిత కాలేజీ రోజుల్లో ఇంటికి తెచ్చింది. రాజ్యాన్ని తయారుచేసి ఆట నడిపించే పని నాది. పటం గీయడం రెండు వారాల్లో అయిపోయింది, అది నాకు వచ్చిన విద్య. ఊళ్లలో జనాన్ని నింపడం దగ్గరే ఇరుక్కున్నాను, లెక్కలు నాకు రావు గనుక.

ఇంటర్నెట్‌లో దొరికిన సూత్రాలు చలిదేశాల ఊళ్లవి. వాటి ప్రకారం చేస్తే నా పట్నంలో ఉన్నికోట్లు కుట్టేవాళ్లు వచ్చారు, పసుపు కొనేవాడు రాలేదు. సరే, మన సూత్రం మనమే కడదామని పెన్నూ అట్టా పట్టుకుని బజారులో దర్జీలను లెక్కపెట్టడానికి బయల్దేరాను. పన్నులవాడు వచ్చాడనుకుని సగంమంది షట్టర్లు దించేశారు. ఆ లెక్కన నా రాజ్యంలో ఐదు వేలమందికి ఒక్క దర్జీ తేలాడు. అందుకే నా ప్రజలు నేటికీ దుప్పట్లు చుట్టుకుని తిరుగుతున్నారు. ఉత్తర కొండల్లో ఒక డ్రాగన్ కూడా ఉంది. దానికి రోజుకు ఎన్ని మేకలు కావాలో తేలక ఇంతవరకు బయటికి రానివ్వలేదు.

3. నా కాలిక్యులేటరు బాలన్న సారుకు. ఆయన మా స్కూల్లో లెక్కల టీచరు. నా జనాభా పట్టిక ఒక్కసారి చూసి, స్టాఫ్ రూములో అందరి ముందూ, ఈ లెక్కన పోతే మీ రాజ్యంల నిలబడ జాగ ఉండది సార్ అన్నాడు. నేను మరచిపోలేదు. ఆ కాలిక్యులేటరులో ఏడు పనిచేయదు. అందుకే నా రాజ్యంలో ఏ ఊరి జనాభాలోనూ ఏడు లేదు. ఆయన దానితో ఒక్క పట్నం కట్టి చూపించాలని నా కోరిక.

4. నా మిత్రుడు, మార్కెట్ యార్డులో పసుపు వ్యాపారి హన్మాండ్లును ఈ వీలునామాకు అమలుదారుగా నియమిస్తున్నాను. ఆటలో ఆయన దొంగ. ప్రతి యుద్ధంలోనూ నిజంగానే నిద్రపోతాడు కాబట్టి ఇంతవరకు దెబ్బ తగలలేదు. నా గొంగడి ఆయనకే.

5. ఇక అసలు సంగతి. ఆటలో రాజు నా మేనల్లుడు వేణు, మా అక్క భూమవ్వ కొడుకు, కోటగిరిలో వ్యవసాయం. ఆనకట్ట దిగువన చెరకు పండే బెల్లంకోటకు ఊరి పెద్ద అంకిత, నిజామాబాద్‌లో మందుల దుకాణం నడుపుతుంది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే సైకిలు మీద తిరిగి, ఒకే గుంతలో పడేవారు.

పోయిన వానాకాలం ఆటలో పెద్ద వాన పెట్టాను. ఆనకట్ట నిండింది. వేణు చాలాసేపు పటం చూసి గేట్లు ఎత్తించాడు. బెల్లంకోట మునిగిపోయింది. అంకిత వేణును కాదు, నన్ను అడిగింది: "బాపు, మా ఊర్ల ఎంతమంది ఉండిరి?" పట్టిక చూసి పద్దెనిమిది వేల నాలుగు వందలన్నాను. అందరూ పోయారా అంది. పట్టికలో ఒక్కటే అంకె ఉంది కాబట్టి అందరూ అన్నాను.

"కట్ట తెగితే ఐదూర్లు పోతుండె మామా. నాకేమన్న సంబురమా?" అన్నాడు వేణు, ఆమె వైపు చూడకుండా.

ఆమె పాచికలు డబ్బాలో పెట్టి వెళ్లిపోయింది. ఆ తరువాత ఆట లేదు. మా అక్క ఇంట్లో బోనాలకు అంకిత పోలేదు. ఆమె దుకాణం ముందు నుంచే వేణు బస్సు పోతుంది, దిగడు. ఆటే కదా అని ఇద్దరితోనూ అన్నాను, ఇద్దరూ విన్నట్టు లేదు. నాకు బాధగా ఉంది. రాజ్యం ఆగిపోయినందుకు కాదు, ఈ పిల్లలిద్దరూ లేకుండా ఆదివారం గడవడం లేదు.

6. కావున రాజ్యాన్ని ఇలా పంచుతున్నాను. అన్ని ఊళ్ల జనం అంకితకు. ఆనకట్ట, కాలువలు, నది, పడబోయే వానతో సహా నీళ్లన్నీ వేణుకు. కాలువ ఎంత పారుతుందో చూసుకుని గానీ ఏ ఊళ్లోనూ జనాభా వేయకూడదు. ఏ ఊళ్లో ఎవరున్నారో అడిగి గానీ గేటు ఎత్తకూడదు. కోటగిరికీ నిజామాబాద్‌కూ నడుమ బోధన్ ఉంది, బస్సులున్నాయి. టేబులు కావాలంటే ధనలక్ష్మిని అడగాలి. ఆమె ఇవ్వకపోతే చాప ఉంది.

7. ఆస్పత్రి మంచం మీద నా లెక్కలో తప్పు దొరికింది. బెల్లంకోట జనాభా కట్టడానికి మా చుట్టుపక్కల చెరకు ఊళ్లన్నీ తిరిగాను గానీ, బడిపంతులును కదా, ఎండాకాలం సెలవుల్లో తిరిగాను. అప్పటికి చెరకు అయిపోయి ఉంటుంది. చెరకు కొట్టడానికి వచ్చినవాళ్లు ఎడ్లబండ్లు కట్టుకుని మహారాష్ట్రలోని తమ ఊళ్లకు వెళ్లిపోయి ఉంటారు. నా చిన్నప్పుడు మా వీధి చివరే వాళ్ల గుడిసెలు పడేవి. మా అవ్వ హన్మవ్వ ఉప్పూ కారమూ పంపిస్తే నేనే మోసుకెళ్లేవాణ్ణి. అట్లాంటివాణ్ణి వాళ్లను ఒక్కరినీ నా పట్టికలో ఎక్కించలేదు.

బెల్లంకోట మునిగింది వానాకాలంలో. అప్పుడూ వాళ్లు అక్కడ లేరు. పిల్లలతో, ఎడ్లతో అందరూ బతికే ఉన్నారు. దసరా దాటాక ఎప్పటిలాగే బండ్లు కట్టుకుని బెల్లంకోటకు వస్తారు. ఊరు లేదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఎదురుపోయి వాళ్లకు ఆ మాట చెప్పాల్సింది అంకిత, గుడిసెలు వేసుకోవడానికి ఆరిన నేల చూపించాల్సింది వేణు. నేను పోయాక మొదటి ఆట అక్కడ మొదలుపెట్టండి. బండ్లు వచ్చేటప్పటికి ఇద్దరూ అక్కడ ఉండండి.

ఇది నా కడపటి వీలునామా. దీనికి ముందు రాసినవి ఏవీ లేవు, జనాభా పట్టికలు తప్ప.

బోధన్
తేది: 14 సెప్టెంబరు 2025, ఆదివారం

(సంతకం) లక్ష్మీరాజం

సాక్షులు:
1. సుకన్య, పక్కింటివారు (చదివి నవ్వారు, తరువాత సంతకం చేశారు)
2. సాయికుమార్, జిరాక్స్ షాపు

కొట్టివేతలు: దీనికి జతచేసిన పట్టికలో బెల్లంకోట ఎదుట వేసిన సున్నాను నేనే కొట్టివేసి ఆ గడి ఖాళీగా వదిలాను. అందులో అంకె అంకిత, వేణు కలిసి వేయాలి. (ల.రా.)