నీవెస్ గ్రేడు

రియెకా, అక్టోబరు

ప్రియమైన లోరెడానాకి,

పార్సిల్ విప్పగానే ముందు రికార్డు పెట్టుకుని, తర్వాతే ఉత్తరం చదువుతావని తెలుసు. అందుకే రికార్డు వంగకుండా పెట్టే అట్టముక్క మీదే ఎప్పట్లాగా రాస్తున్నాను, పారేయకుండా ఉంటావని. ఫోన్ చేయమంటావు గానీ, ఈమధ్య ఫోన్‌లో నీ గొంతు నూతిలోంచి వచ్చినట్టుంటోంది. ఆ దీవిలో మీ సిగ్నల్ ఏడ్చినట్టుంది. మనకి ఉత్తరాలే మేలు.

ఇక్కడ పెద్ద విశేషం. ట్రియెస్టెలో ఒక పెద్దాయన పోయాడు. అరవైల నాటి, కారు షెడ్లలో వాయించుకునే కుర్ర బ్యాండ్ల చిన్న రికార్డులు పెట్టెల కొద్దీ పోగేశాడట. ఆయన భార్య వాటిని నాకే అమ్మింది, ఇంకెవరికిచ్చినా గోడలకి తగిలించుకుంటారని. తెచ్చేటప్పుడు దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. నేను కొత్తగా ఒక ద్రావణం కలిపానులే, శుద్ధి చేసిన నీళ్ళు, కాస్త స్పిరిట్, గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క. దాంతో కడిగితే అద్భుతం, లోరా! అన్నీ నిన్న అచ్చయి వచ్చినట్టు మోగుతున్నాయి. ముప్ఫై ఏళ్ళుగా ఈ నేలమాళిగలో కూర్చుంటున్నాను, ఇంత శుభ్రమైన పాత సరుకు ఎప్పుడూ చూడలేదు. దాదాపు అన్నిటికీ 'కొత్తదే' అని చీటీ అంటించాను. 'బాగుంది' అన్నవి కొన్నే. 'వినొచ్చు', 'అట్ట కోసం కొనుక్కో' అన్న చీటీలు డ్రాయర్లోంచి తీయనేలేదు.

నా సంగతి నీకు తెలుసుగా. దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసి గ్రేడు రాసేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. రెండు వైపులా చివరిదాకా వినకుండా నేను చీటీ అంటించను. నిజాన్ని ముఖం మీద అరిచే పంక్ పాటల షాపు పెట్టుకుని జనానికి అబద్ధం అమ్మితే ఇంక దేనికి? నా చెవి అబద్ధం చెప్పిన రోజు షట్టర్ దించేసి, నీ పక్కన కూర్చుని ఫెర్రీ టిక్కెట్లు చింపుతాను.

నీకు పంపింది ఆ పెట్టెల్లో నాకు అన్నిటికంటే నచ్చింది. విని రాయి.

నీ
నీవెస్


త్స్రెస్, నవంబరు

ప్రియమైన నీవెస్‌కి,

నీ పార్సిల్ రేవులోనే నాలుగు రోజులు ఆగిపోయింది. బూరా గాలి ఆగకుండా కొడుతోంది, ఫెర్రీలు లేవు. జనం టిక్కెట్టు కిటికీ దగ్గరికొచ్చి, ఆ గాలిని నేనే ఊదుతున్నట్టు నన్ను తిడుతున్నారు. ఒకాయనైతే పెళ్ళికి వెళ్ళాలట, మీ పైవాళ్ళతో మాట్లాడండి అన్నాడు. నా పైన ఆకాశమే ఉందండీ అన్నాను.

పాట బ్రహ్మాండం. ఆ గిటారు విన్నాక చేతులు ఊరుకోక, అటక మీద పడున్న మన బ్యాండు నాటి బేస్ గిటారు దింపి తుడిచాను. మోగించలేదులే, తుడిచానంతే.

ఒక్క మాట మాత్రం అడగాలి. నువ్వు 'కొత్తదే' అని అంటించావు గానీ, రికార్డు మొదలైన దగ్గర్నుంచీ ఒకటే చిటపట. మా ఆయన వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద ఏమైనా మరిచిపోయానేమోనని చూసొచ్చాడు. దారిలో ఏమైనా తగిలిందా? లేక పొరపాటున వేరే రికార్డు పెట్టి పంపావా? నీ దగ్గర కొన్నవాటిలో ఇంతలా ఎప్పుడూ లేదు కాబట్టి అడుగుతున్నాను, కోప్పడకు.

ప్రేమతో
లోరెడానా


రియెకా, నవంబరు

ప్రియమైన లోరెడానాకి,

కోప్పడలేదు, నవ్వుకున్నాను. నీ ప్లేయరు ముల్లు మార్చి ఎన్నాళ్ళయింది? మీ పెళ్ళికి నేనిచ్చిన ముల్లే ఇంకా ఉంటుంది, నాకు తెలుసు. అరిగిన ముల్లుతో దేవదూతలు పాడినా చిటపటలాడుతుంది. కొత్తది పెట్టి పంపుతున్నాను. మీ ఆయన చేత బిగించకు, నువ్వే బిగించు.

నిన్న మరిబోర్ నుంచి ఒకడు ఇలాగే రికార్డు వెనక్కి పంపాడు. కంప్యూటర్లో పాటలు వినీ వినీ మనుషుల చెవులు సుకుమారమైపోయాయి. వాడు పంపిన రికార్డు మళ్ళీ పెట్టి విన్నాను, అద్దంలా ఉంది. మా ఫ్లావియోకి ఇచ్చేశాను. ఫ్లావియో అంటే ఆ త్ర్‌సాట్ కొండ మీదికి బస్సు నడిపే ఆయన, డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చి గంటసేపు పెట్టెలు వెతుకుతాడు. "నీవెస్ చెప్పిందంటే చెప్పిందే" అని వినకుండానే సంచీలో వేసుకున్నాడు. అలాంటివాళ్ళ వల్లే ఈ షాపు నిలబడింది.

డిసెంబరులో లుబ్లియానా రికార్డుల సంతకి ట్రియెస్టె సరుకంతా పట్టుకెళ్తున్నాను. అక్కడ మిగతా బల్లల దగ్గర జనం రికార్డు తీసి, దీపం అడిగి, గంటసేపు నసుగుతారు. నా బల్ల దగ్గర చీటీ చూసి కొనేస్తారు. నాకు ఆస్తీ లేదు, మొగుడూ లేడు, ఆ చీటీ ఉంది. దాన్ని చూసుకునే కాస్త గర్వపడతాను, పడనీ.

నీ
నీవెస్


త్స్రెస్, నవంబరు చివర

ప్రియమైన నీవెస్‌కి,

ఈ ఉత్తరం రాయడానికి వారం రోజులు తంటాలు పడ్డాను. చదివి చింపేసినా సరే, చివరిదాకా చదివి చింపు.

ముల్లు బిగించాను. ముందు నీ దగ్గర పదేళ్ళ క్రితం కొన్న రికార్డులు పెట్టాను. మంచినీళ్ళలా ఉన్నాయి. తర్వాత నువ్వు ఇప్పుడు పంపింది పెట్టాను. అదే చిటపట. అనుమానం తీరక పక్కింటివాళ్ళ ప్లేయరు మీద కూడా పెట్టి చూశాను. తేడా లేదు.

తప్పు ముల్లుది కాదు, నీవెస్. నీ ద్రావణం గొప్పతనమూ కాదు. రికార్డులు శుభ్రమవలేదు, నీకు చిటపట వినిపించడం మానేసింది. మరిబోర్ వాడి చెవులు బాగానే ఉన్నాయి. మా దీవి సిగ్నలూ బాగానే ఉంది.

ఆగస్టులో నేను వచ్చినప్పుడే కాస్త అనుమానం కలిగింది. నువ్వు తలుపుకి వీపు పెట్టి పెట్టె సర్దుతున్నావు. తలుపు గంట మోగింది, మనిషి లోపలికొచ్చి రెండుసార్లు పలకరించాడు, నువ్వు తిరగలేదు. పనిలో ఉన్నావనుకున్నాను. తొమ్మిదేళ్ళు మన బ్యాండు సాధన గదిలో, ఆ తడి గోడల మధ్య డ్రమ్స్ వాయించావు, ఎడమ చెవి పక్కనే ఇత్తడి తాళాల మోత. చెవుల్లో దూది పెట్టుకోమంటే ముసలమ్మలు పెట్టుకుంటారు అనేదానివి. ఇన్నాళ్ళూ ఆ చెవులు నిలబడటమే గొప్ప.

చెవి అబద్ధం చెప్పిన రోజు షట్టర్ దించేస్తానన్నావు. నువ్వు అన్నంత పనీ చేసే మనిషివని తెలుసు కాబట్టే ఈ మాట రాసి రెండుసార్లు కొట్టేశాను. కానీ ఆ చీటీలతో నువ్వు సంతకి వెళితే, నీ పేరు మీద నువ్వే బురద చల్లుకున్నట్టు అవుతుంది. వెళ్ళేలోపు డాక్టరుకి చూపించుకో. నేను తోడు వస్తాను, సెలవు పెడతాను. ఒక్క ముక్క రాయి చాలు.

నీ మేలు కోరే
లోరెడానా


త్స్రెస్, జనవరి

ప్రియమైన నీవెస్‌కి,

జవాబు లేదు. ఫోన్ చేస్తే ఎత్తవు. క్రిస్మస్ పండగకి నీ పార్సిల్ రాలేదు, ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి.

నిన్న ఫెర్రీ దిగిన ఒకావిడ చెప్పింది, నీ షాపు షట్టర్ దించి ఉందట, ఎప్పుడు తీస్తారో రాసిన కాగితమైనా లేదట. మూసేశావా? నా మాట వల్లేనా? నేను రాసింది తప్పని అనను, అబద్ధమాడలేను. కానీ నువ్వు ఆ మెట్లు దిగి తాళం తీయని ఊరిని ఊహించుకుంటే అన్నం సహించడం లేదు.

తిట్టడానికైనా రాయి.

నీ
లోరెడానా


రియెకా, మార్చి

ప్రియమైన లోరెడానాకి,

తిట్టడానికే మొదలుపెట్టాను, మూడు అట్టముక్కలు పాడయ్యాయి. ఇది నాలుగోది.

నీ ఉత్తరం చదివి నాకు కడుపు మండిపోయింది. టిక్కెట్లు చింపేదానికి చిటపటల సంగతి ఏం తెలుసు అనుకున్నాను. పంతం కొద్దీ పెట్టెలన్నీ కారులో వేసుకుని లుబ్లియానా వెళ్ళాను. మధ్యాహ్నానికి సగం సరుకు అమ్ముడైపోయింది. ఎవరూ ఏ వంకా పెట్టలేదు. చూశావా లోరెడానా అని మనసులో నీతో వాదిస్తూనే ఉన్నాను.

అప్పుడు మన పాత గడ్డపాయన, మన బ్యాండు ఆఖరి కచేరీకి కూడా వచ్చాడే, ఆయన భార్యతో నా బల్ల చివర నిలబడ్డాడు. హాలంతా హోరు, ఆ దూరం నుంచి మాట వినపడే మాటే లేదు. కానీ ఆయన అన్నది నాకు అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది. నాకే తెలియకుండా ఎప్పటినుంచో మనుషుల పెదవులు చూసి మాట పోల్చుకుంటున్నానట, తర్వాత డాక్టరమ్మ చెప్పింది. ఆయన భార్యతో అన్నాడు, "నీవెస్ గ్రేడు కదా, ఒక మెట్టు దించుకుని చూసుకో. ఆవిడతో అనకు, పాపం."

ఆ 'పాపం' అన్నది నాకు చెవులతో వినపడి ఉంటే ఇంత గుచ్చుకునేది కాదేమో. మిగిలిన సరుకు సర్దుకుని ఇంటికొచ్చేశాను. మర్నాడు షాపు తీయలేదు. ఆ మర్నాడూ తీయలేదు. నేనన్న మాట మీద నేను నిలబడ్డాను, అంతే. అద్దెకిచ్చినాయనకి ఖాళీ చేస్తానని చెప్పడానికి రెండుసార్లు వెళ్ళి, ఆయన లేడని తెలిసి సంతోషపడుతూ తిరిగొచ్చాను.

జనవరి చివర్లో డాక్టరు దగ్గరికి పోయాను. ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడగానే మీట నొక్కమన్నారు. ఎంతసేపు కూర్చున్నా ఏమీ వినపడదు. ఇంకా మొదలుపెట్టరేం అని అద్దంలోంచి సైగ చేశాను. అద్దం అవతలి పిల్ల ముఖం చూస్తే అర్థమైంది, పరీక్ష ఎప్పుడో మొదలైంది. సన్నటి శబ్దాలు నాకు మిగల్లేదట. నీ మాటా, తలుపు గంటా, చిటపటా అన్నీ అవతలి గట్టునే ఉండిపోయాయి.

చెవి మిషన్ పెట్టారు. జుట్టు కిందికి లాగితే కనపడదు. ఆ సాయంత్రమే షాపుకెళ్ళి షట్టర్ సగం ఎత్తి, ట్రియెస్టె రికార్డుల్లో నేను 'కొత్తదే' అని రాసినదొకటి పెట్టాను. ఏం చెప్పమంటావు! అంత అరిగిన రికార్డు నువ్వెప్పుడూ విని ఉండవు. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. సగం సిగ్గుతో, సగం ఆ చప్పుడు మళ్ళీ విన్న సంతోషంతో.

సోమవారం షాపు తీశాను. చెవి సంగతి ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం ఫ్లావియో యూనిఫాంలో వచ్చాడు, షాపు మూతపడ్డ సంగతి ఎత్తనే లేదు, పెట్టె వెతికి ఒకటి తీశాడు. దాని మీద నా చీటీ 'కొత్తదే'. తీసుకుని కౌంటరు మీద ప్లేయరుకి ఎక్కించాను. నిజం చెప్తున్నా, పాట కంటే చిటపటే ఎక్కువ. చివరిదాకా విన్నాం.

"ఈసారి నువ్వు చెప్పు, గ్రేడేంటి?" అన్నాను.

ఆయన రికార్డు వంక కాదు, నా వంక చూసి, "కొత్తదే, నీవెస్. ఒక్క చప్పుడు లేదు" అన్నాడు.

జుట్టు పక్కకి తీసి మిషన్ చూపించాను. పాపం, ఆయన మెడ దాకా ఎర్రబడిపోయి, టోపీ తీసి చేతిలో నలిపాడు. అప్పుడు అడిగాను, ఎప్పటినుంచి అని. రెండేళ్ళ నుంచట. ఫ్లావియో ఒక్కడే కాదు, వచ్చేవాళ్ళందరికీ తెలుసట. నా చీటీ చూసి మనసులో ఒక మెట్టు దించుకుని కొనుక్కుంటున్నారట. కొత్తవాళ్ళొస్తే బయట మెట్ల మీద ఆపి చెప్పి పంపేవారట. వెనక్కి పంపిన ఆ మరిబోర్ వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే తేడా.

"నాతో ఒక్కరైనా అనలేదేం?" అన్నాను.

"అంటే మూసేస్తావు కదా. నువ్వే అనేదానివి. మూసేస్తే మేమెక్కడికి పోవాలి, నీవెస్?"

నాకు కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ఆయన అలా టోపీ నలుపుతూ నిలబడితే తిట్టడానికి నోరు రాలేదు. పద్దెనిమిదేళ్ళ వయసులో ఊరంతటి ముఖం మీదా నిజం అరిచినవాళ్ళం, యాభై దాటేసరికి ఒకరినొకరు జోకొట్టుకుంటున్నాం. ఆ రికార్డుకి 'అట్ట కోసం కొనుక్కో' అని నా చేత్తో చీటీ మార్చి ఇచ్చాను. బుద్ధిగా కొనుక్కుని పోయాడు.

షాపు మూయడం లేదు. కానీ మిషన్ వచ్చింది కదా అని పాత పద్ధతీ కుదరదు. అది ఒక చప్పుడు పెంచుతుంది, ఒకటి తగ్గిస్తుంది, పాటని దువ్వి పంపుతుంది. దాని మాట మీద నా పేరు పెట్టలేను. అందుకని షాపులో ఉన్న చీటీలన్నీ పీకేశాను. గోళ్ళు అరిగిపోయాయి. ఇప్పుడు కొనేవాళ్ళు కౌంటరు దగ్గర రికార్డు పెట్టుకుని వినాలి, విని అందరి ముందూ పైకి గ్రేడు చెప్పాలి. దాన్నిబట్టే ధర. పక్కవాడు ఒప్పుకోకపోతే వాదించుకోవాలి. మొదటి శనివారం ఇద్దరు 'బాగుంది' కాదు 'వినొచ్చు' అని గంటసేపు దెబ్బలాడుకుని, చివరికి కలిసి బీరు తాగడానికి పోయారు. షాపులో ఇంత గోల నేను తెరిచిన ఏడాదే చూశాను.

లోరా, నీ మీద ఇన్నాళ్ళూ కోపంగా ఉన్నాను. ఇప్పుడు కూర్చుని లెక్క చూసుకుంటే, వాళ్ళంతా షాపు తమకి మిగలాలని నాకు అబద్ధం చెప్పారు. వాళ్ళ ప్రేమని కాదనను. నువ్వు మాత్రం నేను నీకు మిగలకుండా పోవచ్చని తెలిసి కూడా నిజం చెప్పావు. నాకు తోబుట్టువులు లేరు. ఉంటే నీలాగే ఉండాలని కోరుకునేదాన్ని, ఇంత ముక్కుసూటిగా కాకుండా కాస్త తగ్గించి.

ఈ పార్సిల్‌లో రికార్డు లేదు, వెతక్కు. శనివారం నువ్వే రా. నీక్కావలసింది తీసుకుని, అందరి ముందూ నిలబడి, విని, నీ నోటితో గ్రేడు చెప్పు. నేను ఎదురు చెప్పనని మాత్రం మాటివ్వలేను.

నీ
నీవెస్